పెరటాసి నెల పెరుగన్నం

మా పిల్లికి షుగరుందని మొదట కనిపెట్టింది ఏ డాక్టరూ కాదు, మా అమ్మ. ఆమెకు పదిహేనేళ్లుగా షుగరు. ఒకరోజు పొద్దున వెనక వాకిట్లో బండల మీద చీమలు బారులు తీరి ఉంటే వంగి చూసి, చీపురు గోడకానించి, "ఈడ పాప ఉచ్చ పోసింది. చీమలు పట్టినాయి చూడు మే. దీనికీ నాకొచ్చిందే వచ్చింది" అంది. నేను నవ్వేశాను. లోకంలోని జబ్బులన్నింటినీ తన జబ్బుతో కొలవడం అమ్మకు అలవాటు. పక్కింటామెకు మోకాళ్లు నొప్పి పుట్టినా షుగరు చూపించుకోమంటుంది.

నేను హోసూరులో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. లైను మీద వచ్చిన ప్రతి ముక్కనూ కొలిచి, సరిగ్గా ఉంటే పంపడం, లేకపోతే తిప్పికొట్టడం నా పని. కొలత తప్పు రాసినవాళ్లను నిలబెట్టి అడుగుతానని నాకు కంపెనీలో చెడ్డపేరు కూడా ఉంది. పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో నేను, అమ్మ, పిల్లి. తొమ్మిదేళ్ల కిందట కంపెనీ గోడౌనులో అట్టపెట్టెల మధ్య పుడితే టిఫిను సంచిలో పెట్టుకుని తెచ్చాను. దానికొక పేరుంది. ఇక్కడ రాయను, రాస్తే పిలిచినట్టుంటుంది. అమ్మ మాత్రం దాన్ని పాప అనే పిలిచేది. నలభై ఆరేళ్లొచ్చి, ఇంటికి సంపాదించిపెట్టే కూతురు 'మే' అయింది, ఎలకను కూడా పట్టని పిల్లి పాప అయింది. ఈ విషయంలో నాకు కుళ్లు లేదని చెబితే ఎవరూ నమ్మరు.

చీమల సంగతి నవ్వేసి ఊరుకున్నాను కానీ, ఆ తర్వాత నా కళ్లకు కూడా ఒక్కొక్కటీ కనబడసాగాయి. గిన్నెలో పోసిన నీళ్లు పూటకు ఖాళీ చేసేది. చాలక స్నానాలగదిలో బకెట్టు అంచుమీద ముందుకాళ్లు ఆనించి తాగేది. తిండి రెట్టింపయింది, ఒళ్లు సగమయింది. వీపు మీద చెయ్యి వేస్తే వెన్నెముక గుండ్లు ఒక్కొక్కటీ తగిలేవి. చివరికి వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించి, ముసలమ్మలా నడవడం మొదలుపెట్టింది. కిటికీ ఎక్కబోయి కింద పడి, పడినందుకు సిగ్గుపడినట్టు తోక నాక్కుంటూ కూర్చుంది. ఆ రోజు నాకు మొదటిసారి భయం వేసింది.

డాక్టర్ల వేట అప్పుడు మొదలైంది. ముందు ఊళ్లోని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు మంచాయనే, ఆవుకు సూది వేసి చేతులు కడుక్కుంటూ నా మాట విన్నాడు. "పిల్లికి షుగరేందమ్మా, పులికి బీపీ అన్నట్టుండాదే" అని నవ్వి, బలానికి టానిక్కు రాసిచ్చాడు. తర్వాత కొత్తగా తెరిచిన ఒక క్లినిక్కు పోయాను. అక్కడ కుక్కలకు స్నానాలు చేయించి వెంట్రుకలు ఆరబెడుతున్నారు, గదంతా షాంపూ వాసన. పురుగుల మందు ఇచ్చారు. చీమల సంగతి చెబితే నన్నే వింతగా చూశారు. మూడు వారాలు పోయాక మళ్లీ అదే పురుగుల మందు ఇచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోయి, సీసా అక్కడే బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత బెంగుళూరు. అద్దాల మేడ, ఏసీ, టోకెను నంబర్లు. రక్తం తీసి చూసి, షుగరేనని చెప్పారు. అమ్మ చీమలే గెలిచాయి. కానీ అక్కడ పోయినప్పుడల్లా ఒక కొత్త డాక్టరు, ఒక్కో డాక్టరుదీ ఒక్కో డోసు. చుట్టూ కుక్కలు మొరుగుతుంటే మా పిల్లి బుట్టలోనే ఉచ్చ పోసుకుని, గుండె దడదడలాడించుకుంటూ ఉండేది. ఆ భయంలో తీసిన రక్తంలో షుగరు ఆకాశంలో ఉండేది, దాన్ని చూసి డోసు పెంచేవాళ్లు. ఇంటికొచ్చాక అది నీరసపడి సోలిపోయేది. ఇదేమిటని అడిగితే, అడ్మిట్ చేయండి అన్నారు. రిసెప్షన్ దగ్గర నిలబడి నేను ఎంత గట్టిగా అరిచానంటే కుక్కలు మొరగడం మానేశాయి. ఇక అక్కడికి పోలేదు.

మా కంపెనీ బస్సులో నా పక్క సీటులో కూర్చునే ఆమెది బర్గూరు. నా గోడు విని, "కృష్ణగిరిలో ఒకాయన ఉండాడు పోయి చూడక్కా" అంది. "రిటైరైనాయన. మా అత్తోళ్ల మేకకి పిల్ల అడ్డం తిరిగితే ఆయనే వచ్చి తీసినాడు. ఓపిక జాస్తి." మేకల డాక్టరు దగ్గరికి షుగరు పిల్లిని తీసుకుపోవడమా అనుకున్నాను. అయినా నాకు అప్పటికి పోవడానికి వేరే చోటు మిగల్లేదు.

ఆయన ఇంటి ముందుగదే క్లినిక్కు. పాత భోజనాల బల్ల మీద గోనెపట్టా పరిచి ఉంది. తలుపు మూసి, బుట్ట మూత తీసి, పిల్లిని ముట్టుకోకుండా తన కుర్చీలో కూర్చున్నాడు. "తిరగనీ" అన్నాడు. అరగంటసేపు అది గది మూలమూలా వాసన చూసింది, ఆయన చెప్పులు వాసన చూసింది, కిటికీ కింద కూర్చుంది. ఆ అరగంటా ఆయన నన్ను ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది, ఎవరు పెడతారు, నీళ్లు ఎన్ని తాగుతుంది, పడుకునే చోటు మార్చిందా. ఇన్ని నెలల్లో నన్ను ఇన్ని అడిగినవాళ్లు లేరు. సమాధానం చెబుతూ చెబుతూ నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

తర్వాత చెవి అంచును వేళ్ల మధ్య రుద్ది వెచ్చబరచి, సన్నటి సూదితో ఒక్క చుక్క రక్తం తీయడం నాకు నేర్పాడు. "ఇంట్లో నువ్వే చూడు. నా ముందర బెదిరిపోయి చూపించే నంబరు నాకొద్దు" అన్నాడు. రోజుకు రెండు సూదులు, పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు, రెండేసి యూనిట్లు. ఎక్కువైతే షుగరు ఉన్నపళంగా దిగిపోతుందనీ, అప్పుడు తూలుతుందనీ, వణుకుతుందనీ, వెంటనే చిగుళ్లకు చక్కెర నీళ్లు రుద్దాలనీ నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఇక ప్రతి ఆదివారం ఫోనులో మూడు ముక్కలు రాసి పంపాలి: ఏం తినింది, ఎన్ని నీళ్లు తాగింది, నంబరెంత. "తిండి ముందు రాయి. తిండి తెలవకుండా నంబరు చూసేది నాకు కళ్లకు గంతలు కట్టినట్టే" అన్నాడు.

సరైన డాక్టరు దొరికాడని బస్సులో వస్తున్నంతసేపూ పిల్లికి చెబుతూ వచ్చాను. పక్కన కూర్చున్న పెద్దాయన నన్ను చూసి కొంచెం జరిగి కూర్చున్నాడు.

రెండోసారి అమ్మను కూడా తీసుకుపోయాను. నేను కంపెనీకి పోతే పగలంతా దానికి పెట్టేది ఆమే కాబట్టి డాక్టరు రమ్మన్నాడు. నంబర్లు ఆ పదిహేను రోజుల్లో తగ్గనే లేదు. ఆయన కాగితం చూసి అమ్మవైపు తిరిగి, "ఏం పెడతా ఉండావమ్మా?" అన్నాడు.

"సారు చెప్పినట్ల కోడే పెడతా ఉండా" అంది అమ్మ. మళ్లీ తనే, "మధ్యాన్నం మాత్రం కొంచెం పెరుగన్నం. దానికి ఇష్టం. అడుగుతాది" అంది.

"పెరుగన్నం పెట్టి మీరే చంపేస్తారమ్మా దాన్ని" అన్నాడు డాక్టరు. గొంతు పెద్దది చేయలేదు, కానీ మాట కత్తిలా ఉంది. "మీకూ షుగరుండాది కదా, అన్నం తింటే ఏమైతాదో మీకు తెలీదా? నోరులేని దానికి మీరు చేసేది ప్రేమ కాదు."

అమ్మ పైట చెంగు సరిచేసుకుని తల ఆడించింది. తిరుగుబస్సులో సూళగిరి దాటాక చూస్తే కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది. డెబ్బై ఏళ్ల మనిషి. మా నాన్న పోయినప్పుడు కూడా నలుగురి ముందు ఏడవలేదు. నాకు డాక్టరు మీద పట్టరాని కోపం వచ్చింది, ఆయన అన్నది నిజమే కాబట్టి ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

మర్నాటి నుంచి అమ్మ పెరుగు గిన్నె అటక మీద దాచినంత పని చేసింది. రోజూ తనే కోడి ఉడికించి, ఎముకలు తీసి, వేళ్లతో చిదిమి, మూడు పూటలకూ మూడు గిన్నెల్లో సర్దేది. నేను సూది వేస్తే ఆమె పట్టుకునేది. తనకు ఇన్సులిన్ రాసిస్తే వద్దని మాత్రలతోనే నెట్టుకొస్తున్న మనిషి, పిల్లి చెవిలో చెప్పేది: "ఏం లేదు తల్లీ, చీమ కుట్టినట్లే." ఇద్దరికీ ఒకే మిషను. పొద్దున ముందు పిల్లి చెవి, తర్వాత అమ్మ వేలు. "పాపకి నూట నలభై, నాకు రెండు నూర్లు. నాకంటే ఇదే బుద్ధిమంతురాలు" అని ఎదురింటాయనకు చెప్పుకునేది. రెండు నెలలకు మడమలు లేచాయి. ఒక సాయంత్రం నేను కంపెనీ నుంచి వచ్చేసరికి అది కిటికీ మీద కూర్చుని రోడ్డు చూస్తోంది. నేను గేటు దగ్గరే సంచి కింద పెట్టి నిలబడిపోయాను. నా జీవితంలో నేను సాధించిన వాటిలో దాన్ని మళ్లీ ఆ కిటికీ ఎక్కించడం ఒకటి.

అలా నాలుగు నెలలు నడిచాయి. పెరటాసి వచ్చింది.

పెరటాసి తమిళ నెల, సెప్టెంబరు మధ్యలో మొదలవుతుంది; మా వైపు తెలుగు ఇళ్లలో అది వెంకటరమణస్వామి నెల. నెల పొడుగునా నీచు ఇంట్లోకి రాదు. వాన కాలం చివర్లో హోసూరులో కోడి అంగళ్లు ఈగలు తోలుకుంటూ కూర్చుంటాయి. అమ్మ ముందురోజే ఇల్లంతా కడిగి, నీచు వండిన గిన్నెలు గోనెసంచిలో కట్టి మేడ మీద పెట్టేస్తుంది. శనివారాలు ఒక్క పొద్దు. మూడో శనివారం తళిగ, అంటే అరిటాకు మీద అన్నం పోసి స్వామి ముఖంలా దిద్ది, నామం పెట్టి, గోవిందా అని పిలిచి పదిమందికి పెడతాం. ఇన్నేళ్లూ ఆ నెలలో పిల్లి కూడా మాతోపాటు పెరుగన్నమే తినేది. బల్లులు పట్టుకుని ఎక్కడో బయట తినేసి వచ్చేదేమో, మేం అడగలేదు.

"దానికి ఎట్లమ్మా?" అన్నాను.

"నెల దినాలే కదా."

"సారు చెప్పింది మరిచిపోయినావా?"

"మరిచిపోలేదు. స్వామికి మొక్కినాను దీన్ని కాపాడమని. ఆయన నెల్లో ఇంట్లో నీచు ఉడకబెట్టి, దీన్ని కాపాడు స్వామీ అని ఎట్ల అడిగేది?"

మేడ మీద వండుతానన్నాను. మెట్టెక్కితే ఇల్లు కాకుండా పోతుందా అంది. ప్యాకెట్లలో వచ్చే పిల్లి మేత తెచ్చాను. ప్యాకెట్టు మీద చేప బొమ్మ చూసి, తీసుకుపోయి గేటు బయట గోడ మీద పెట్టి వచ్చింది. నేను కోపంతో రెండు రోజులు అన్నం తినలేదు, మాట్లాడలేదు. మూడో రోజు లొంగిపోయాను. అమ్మ అంటే భయపడి లొంగానని అప్పుడు చెప్పుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. పుట్టినప్పటి నుంచి పాటించిన నెల. ఈ నెల్లో తప్పు చేస్తే పిల్లికే ఏమైనా అవుతుందేమోనని నాలో కూడా ఎక్కడో ఒక మూల భయం ఉంది. రోజంతా మైక్రోమీటరుతో కొలిచే మనిషిని, ఆ భయంతోనే పెరుగన్నం కలిపి దాని గిన్నెలో పెట్టాను.

మొదటి ఆదివారం వచ్చింది. ఫోను తీసి, తిండి అని రాసి, ఆగిపోయాను. పెరుగన్నం అని రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన ఫోను చేస్తాడు. అమ్మకివ్వమంటాడు. మళ్లీ ఆ మాట అంటాడు, మీరే చంపేస్తారని. స్వామి నెల్లో, ఒక్క పొద్దులుండే మనిషి ఆ మాట పడాలి. బస్సు కిటికీ వైపు తిరిగిన ఆమె ముఖం గుర్తొచ్చింది. 'ఎప్పటిలాగే' అని రాశాను. నీళ్లు ఎక్కువ తాగుతోందని రాశాను. నంబరు మూడు వందల ఇరవై అని రాశాను. ఆ రెండూ నిజాలే.

ఆయన అర యూనిటు పెంచమన్నాడు. మరుసటి ఆదివారం మళ్లీ ఎప్పటిలాగే, మళ్లీ అర యూనిటు. మూడో వారం ఫోను చేశాడు. "ఎందుకిట్ల ఎక్కుతా ఉండాదో తెలవడం లేదమ్మా. పంటి చిగుళ్లలో ఏమన్నా చీముందా చూసినావా? తిండి ఏమన్నా మార్చినారా?"

"లేదు సార్, ఎప్పట్లాగే" అన్నాను. నోటితో చెప్పడం రాసినంత తేలిక కాదు. అయినా చెప్పాను. అమ్మ పక్కగదిలో తళిగకు బియ్యం ఏరుతోంది.

నెల ముగిసేసరికి రెండు యూనిట్లు నాలుగయ్యాయి. నాలుగు యూనిట్లతో, పెరుగన్నంతో, నంబరు రెండు వందల యాభై దగ్గర కుదురుకుంది. పర్వాలేదు, గడిచిపోయిందనుకున్నాను.

పెరటాసి వెళ్లాక వచ్చే మొదటి ఆదివారం హోసూరులో తెల్లవారకముందే కోడి అంగళ్ల ముందు బారు కడతారు. ఆ వేళ అమ్మ నన్ను లేపకుండా తనే పోయి నిలబడింది. కోడితోపాటు పాపకని ప్రత్యేకంగా ఈరలు, అదే కార్జం, అడిగి తెచ్చింది. నెలరోజులు దాన్ని ఇబ్బంది పెట్టానన్న బాధ ఆమెకూ ఉంది, పైకి చెప్పలేదంతే. ఆరు గంటలకు నేను చెవి గుచ్చి చూశాను. రాత్రి తిన్న పెరుగన్నం ఇంకా ఒంట్లో ఉంది, రెండు వందల ఎనభై. నాలుగు యూనిట్లు వేశాను. అమ్మ ఈరలు, కోడి కలిపి గిన్నె నిండా పెట్టింది. అది ముఖం ఎత్తకుండా తినింది. మెతుకన్నది లేదు గిన్నెలో.

నేను డాక్టరుకు ఆదివారం కబురు పంపాను. తిండి, ఎప్పటిలాగే. నెల రోజుల తర్వాత ఆ మాట నిజమైంది, ఇక అబద్ధం రాయనక్కర్లేదని గుండె మీద బరువు దిగినట్టయింది. ఆ సంతోషంలో నాకు ఒక్క సంగతి తట్టలేదు. పెంచిన డోసంతా పెరుగన్నానికి. పెరుగన్నం పోయింది, డోసు ఉండిపోయింది. ఇది చిన్నపిల్లలు చేసే తీసివేత. కొలతల మనిషిని, నాకు తట్టలేదు.

ఆ రోజు బర్గూరులో నా బస్సు స్నేహితురాలి కూతురికి చెవులు కుట్టే ఫంక్షను. నీచు భోజనాలన్నీ పెరటాసి ఎప్పుడు పోతుందా అని కాచుకుని ఉంటాయి కదా, ఆ ఆదివారమే పెట్టుకున్నారు. ఏడున్నరకు బస్సెక్కాను. ఒంటిగంటకు బిరియానీ ముందు కూర్చుని అమ్మకు ఫోను చేశాను. "పాప ఎట్లుంది?"

"కడుపు నిండా తినింది, మంచం కింద పండుకోనుండాది. ఎన్ని దినాలైంది మే అది అట్ల తిని. నిద్రపోనీ."

నేను కూడా నవ్వుకుని ఫోను పెట్టేశాను.

నాలుగు గంటలకు ఇల్లు చేరాను. పిలిస్తే రాలేదు. మంచం కింద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. లాగి ఒళ్లో వేసుకుంటే మెడ నిలవలేదు, కాళ్లు ఉండుండి కొట్టుకుంటున్నాయి. చెవి గుచ్చాను. మిషను అంకె చూపించలేదు, దాని కొలతకు అందనంత తక్కువని చూపించింది. అమ్మ చక్కెర డబ్బా తేవడానికి పరిగెత్తింది. చిగుళ్లకు రుద్దుతూ డాక్టరుకు ఫోను చేశాను. దగ్గర్లో ఏ క్లినిక్కు తెరిచి ఉన్నా పోయి గ్లూకోజు ఎక్కించమన్నాడు. ఆదివారం సాయంత్రం, రెండు చోట్లకు చేస్తే ఎత్తలేదు. "అయితే బయల్దేరి రా. నేనూ ఎదురొస్తా ఉండా" అన్నాడు.

అమ్మను ఇంట్లోనే ఉండమన్నాను, ఎదురింటాయన కారు తీశాడు. సూళగిరి దగ్గర, హైవే పక్కన టీ అంగడి ముందు డాక్టరు తన పాత కారు ఆపి నిలబడి ఉన్నాడు, చేతిలో గ్లూకోజు సీసా. వెనక సీటు మీదే పడుకోబెట్టి, కాలి వెంట్రుకలు తీసి, నరం దొరకబట్టి సూది పెట్టాడు. సీసా నేను పట్టుకున్నాను. లారీలు పోతుంటే కారు ఊగుతోంది. ఆయన దాని ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు, చాలాసేపు విన్నాడు. తర్వాత నా చేతిలోంచి సీసా తీసుకున్నాడు. అప్పటికి ఎండ ఇంకా ఉంది.

నేను అక్కడే చెప్పేశాను. పెరుగన్నం సంగతి, ఐదు ఆదివారాలు రాసింది, ఆయన ఫోనులో అడిగినప్పుడు అన్నది, అంతా. తిడతాడనుకున్నాను. తిట్టాలనే చెప్పాను. ఆయన కారు తలుపు పట్టుకుని, "మా ఇంట్లోనూ నెలంతా పప్పుచారే కదమ్మా" అన్నాడు. "నేనూ ఒక్క పొద్దు ఉన్నోడినే. నువ్వు చెప్పలేదు, సరే. నాకెందుకు తట్టలేదు?" గోనెపట్టా ఒకటి తెచ్చి దాని మీద కప్పాడు.

ఇంటికొచ్చాక అమ్మకు చెప్పలేకపోయాను. షుగరు ఎక్కువై పోయిందన్నాను. ఎక్కువకూ తక్కువకూ ఎంత తేడా ఉందో షుగరుండి, చక్కెర డబ్బాకు తనే పరిగెత్తిన మనిషికి తెలియనిది కాదు, కానీ ఆమె అడగలేదు. ఆమె తనకు తానే ఒక ఓదార్పు వెతుక్కుంది. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేది: "స్వామి నెల అయ్యేదాకా ఆగింది. నా చేత్తో పెట్టింది కడుపు నిండా తినింది. అప్పుడు పోయింది. పుణ్యాత్మురాలు." ఆ మాట మొదలైనప్పుడల్లా నేను లేచి ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి పోయేదాన్ని. ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాట. దాన్ని లాక్కోవడానికి నాకు చేతులు రాలేదని నాకు నేను చెప్పుకున్నాను. నన్ను నేను కాపాడుకుంటున్నానని కూడా తెలుసు.

ఏడాది తిరిగింది. మళ్లీ పెరటాసి మొదటిరోజు, నాకు సెలవు. అమ్మ హాల్లో కూర్చుని పూజ సామాను చింతపండుతో తోముతోంది. నా ఫోనుకు డాక్టరు దగ్గర్నుంచి ఒక వాయిస్ మెసేజి వచ్చింది. ఆయన దగ్గర పిల్లులకు చూపించుకునే అందరికీ పంపినది, నా నంబరు తీసేయలేదు. ఏమిటోనని నొక్కాను. ఆయన గొంతు హాలంతా వినబడింది.

"అందరికీ చెప్పేది ఏమంటే, పెరటాసి వచ్చింది. ఇంట్లో నీచు నిలిపినోళ్లు ఉంటారు. తప్పేం లేదు. మీ పిల్లికి ఏం పెడతా ఉండారో ఉన్నది ఉన్నట్ల నాకు చెప్పండి, దానికి తగినట్ల సూది తగ్గించేది, పెంచేది నేను చూసుకుంటా. నెల అయినాక మళ్లీ కోడి పెట్టే ముందర అడగండి. పోయిన సంవత్సరం చెప్పక ఒక బిడ్డ పోయింది. నేను అడిగే రీతి కూడా సరిగ్గా లేదు. ఎవరినీ తిట్టను. చెప్పండి."

ఆపుదామనుకునేసరికి అయిపోయింది. అమ్మ తోముతున్న చెంబు ఒళ్లో పెట్టుకుంది. చేతులు చింతపండు పులుసుతో తడిగా ఉన్నాయి.

"ఆ బిడ్డ మనదేనా?" అంది.

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. అప్పుడు చెప్పాను. డోసు ఎందుకు పెరిగిందో, ఆ ఆదివారం ఏమైందో చెప్పాను. నువ్వు పెట్టిన ఈరలతో కాదు, నేను వేసిన సూదితో పోయిందని చెప్పాను.

"ఏం పెడతా ఉండామని ఆయన అడగలేదా?"

"అడిగినాడు."

"నువ్వేం చెప్పినావు?"

"ఎప్పట్లాగే అని."

"ఎందుకట్ల చెప్పినావు?"

"నిన్ను మళ్లీ తిడతాడని."

అమ్మ ఒళ్లోని చెంబు తీసి పక్కన పెట్టింది. నా మీద అరిస్తే బాగుండునని, ఆ చెంబు నా మీదకు విసిరినా బాగుండునని అనుకున్నాను. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని నా ముఖంలోకి చూసింది.

"తిడితే తిట్టించుకునింటాను కదమ్మా" అంది. "పాప ఉండింటుంది."